చేపల లెక్క కాదు, వల లెక్క రాయండి

2025 వేట నిషేధం రోజులు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు ఇంజను బోట్లు సముద్రంలో దిగకూడదు. మా రామాపురం ఒడ్డున బోట్లన్నీ ఇసకలోకి లాగేసి ఉన్నయ్. మా బావ సరుగుడు చెట్ల నీడన కూసోని వల బాగు చేసుకుంటన్నాడు. ఆయన కొడుకు, అంటే మా మేనల్లుడు, పది గజాల అవతల ఫోన్లో తల దూర్చి ఉన్నాడు. ఎప్పుడూ ఎదురొచ్చి "ఏం మావా" అని పలకరించే పిలగాడు, ఆ రోజు నన్ను చూసి ఫోను తిరగేసి పెట్టాడు.

ఏందిరా అంటే చెప్పలేదు. రెండు టీలు తాగినాక చెప్పాడు.

ఫోన్లో ఒక కోచ్ కాడ చేరాడంట. పనితనం పెంచే కోచ్. 90 రోజుల క్లాసు, 4,999 రూపాయలు. ఆ డబ్బులు మా అక్క డ్వాక్రా అప్పులోంచి తీసింది. మొదటి రోజే ఒక ఫారం పంపారు. "మీ లక్ష్యం కొలవగలిగేలా రాయండి. అంకె ఉండాలి, తేదీ ఉండాలి." మావోడు రాశాడు: గ్రూప్-2 ఉద్యోగం, 90 రోజులు. అప్పటి నుంచి రోజూ రాత్రి ఆ యాప్ అడుగుద్ది, ఇవాళ లక్ష్యం దిశగా ఎంత జరిగావని. జరిగితే పచ్చ గడి, జరక్కపోతే ఎర్ర గడి. చివర్న ఒక శాతం చూపిస్తది.

"ఎంతొచ్చిందిరా?" అన్నా.

"38 మావా. నేను 38 శాతం మనిషిని" అన్నాడు.

ఆ మాట నవ్వుకుంటా అనుంటే నేను ఈ వ్యాసం రాసేవాణ్ణి కాదు. నవ్వలేదు. నెల రోజుల నుంచి వాడు నాన్నతో కలిసి అన్నం తినడం లేదని మా అక్క తర్వాత చెప్పింది. ఆ ఎర్ర గడులు చూసుకుని, కూసోని తినే అర్హత నాకు లేదనుకున్నాడంట.

ఇందులో ఇంకో సంగతి ఉంది. వాడు ఆ ఫారం నింపిన రోజుకి కొత్త గ్రూప్-2 నోటిఫికేషన్ లేనే లేదు. లేని పరీక్షలో 90 రోజుల్లో ఉద్యోగం కొట్టాలని రాశాడు. కోచ్ దాన్ని చూసి "సూపర్ గోల్" అని బొమ్మ పంపాడు.

నేనూ కోచ్‌నే, ముందు నా తప్పు చెప్తా

నేను పదో తరగతి దాకానే చదివినోణ్ణి. తర్వాత చదువంతా వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయం బల్లల మీదే. 1918లో మొదలైన గ్రంథాలయం అది, మా ఊరికి దగ్గర. అక్కడ చదివిందీ, ధర్నాల్లో తిరిగి నేర్చుకుందీ తప్ప నా కాడ సర్టిఫికెట్లు లేవు. అయినా సాయంత్రం పూట ఏడెనిమిది మంది పిల్లలు మా అరుగు మీద చేరతారు. వాళ్ళ చేత లెక్కలు, జనరల్ నాలెడ్జి చదివిస్తా. ఊళ్ళో వాళ్ళు నన్ను "కోచ్" అని ఎగతాళి చేస్తారు.

రెండేళ్ళ క్రితం నేను కూడా ఒక కొలత పెట్టా. రోజుకి యాభై పేజీలు చదవాలి, రాత్రికి నాకు లెక్క చెప్పాలి. వారం గడిచేసరికి అందరూ యాభై దాటేశారు. ఒకమ్మాయి డెబ్బై అంది. నేను పొంగిపోయా. పదో రోజు ఆ పేజీల్లోంచే ప్రశ్నలడిగితే ఒక్కరు నోరు తెరవలేదు. వాళ్ళు పేజీలు తిప్పారు. నేను అడిగింది పేజీలేగా, పేజీలే ఇచ్చారు. పిల్లల్ని తిట్టబోయి ఆగా. తప్పు కొలత పెట్టింది నేను.

కాబట్టి ఆ ఫోను కోచ్ మీద రాయి వేసే ముందు నా మీద ఒకటి వేసుకునే రాస్తన్నా. కొలత లేకుండా ఏ పనీ నడవదు. మగ్గం మీద కూసున్న మనిషికి చీరకెంత కూలో తెలవాలి. కౌలు రైతుకి ఎకరానికెంత ఖర్చయిందో తెలవాలి. లెక్క రాసుకోని పేదోడే అప్పులోడి చేతికి దొరుకుతాడు. లక్ష్యానికి అంకె ఉండాలన్న మాటతో నాకు తగాదా లేదు. ఆ అంకె దేన్ని కొలుస్తంది, ఆ లెక్క ఎవరి చేతిలో ఉంటంది, ఈ రెండు ప్రశ్నల కాడే నా తగాదా.

ఆ మూడు శాతం కథ ఉత్తదే

మావోడి క్లాసులో మొదటి వీడియో నేనూ చూశా. అందులో ఒక కథ చెప్పాడు. మీరూ వినే ఉంటారు. అమెరికాలో యేల్ యూనివర్సిటీలో 1953లో చదువైపోయిన వాళ్ళలో మూడు శాతం మందే తమ లక్ష్యాలు కాగితం మీద రాశారంట. ఇరవై ఏళ్ళ తర్వాత చూస్తే మిగతా 97 శాతం మంది ఆస్తి కలిపినా ఆ మూడు శాతం మంది ఆస్తికి సరిపోలేదంట. కొందరు అదే కథని హార్వర్డ్ పేరు పెట్టి చెప్తారు.

తమ్ముళ్ళూ, అట్టాంటి సర్వే జరగనే లేదు. 1996లోనే ఒక అమెరికన్ పత్రిక ఆరా తీసింది. చెప్పే గురువులు ఒకరి మీద ఒకరు పెట్టారు గానీ కాగితం ఎవరూ చూపలేదు. యేల్ వాళ్ళు కూడా మా కాడ అట్టాంటిది లేదన్నారు. ముప్ఫై ఏళ్ళ తర్వాత కూడా అదే కథ తెలుగులోకి దిగి మన కాడ ఫీజు వసూలు చేస్తంది.

నిజంగా జరిగిన పరిశోధనలు కూడా ఉన్నయ్, అవి దాచి పెట్టకూడదు. ఎడ్విన్ లాక్, గ్యారీ లాథమ్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు దశాబ్దాల పాటు ఈ పని మీదే కూసున్నారు. "చేతనైనంత చెయ్యి" అని ఊరికే చెప్పేదానికన్నా స్పష్టంగా, కాస్త కష్టంగా ఉండే లక్ష్యం పెడితే మనుషులు బాగా చేస్తారని తేల్చారు. అదే నోటితో ఇంకో మాట కూడా చెప్పారు. పని కొత్తదీ చిక్కుదీ అయినప్పుడు "ఇంత ఫలితం తేవాలి" అని మెడ మీద కూసోకుండా, "ఈ మెళకువలు నేర్చుకోవాలి" అని లక్ష్యం పెట్టాలన్నారు. మొదటి సగమే మన కోచ్‌లు చెప్తారు. రెండో సగం చెప్తే 90 రోజుల ప్యాకేజీ అమ్ముడుపోదు.

"స్మార్ట్" గోల్స్ అని ఇంకోటి ఉంది. ఆ ఐదక్షరాల సూత్రాన్ని 1981లో జార్జ్ డోరన్ అనే ఆయన ఒక వ్యాసంలో రాశాడు. అందులో ఇంగ్లీషు "ఎ" అక్షరానికి ఇప్పుడు అందరూ "సాధించగలిగేది" అని అర్థం చెప్తన్నారు. డోరన్ రాసింది అది కాదు. ఆ పని ఎవరికి అప్పగిస్తన్నామో తేల్చాలని రాశాడు. అంటే ఎవరి చేతి పని అని. అట్టాగే మన చేతిలో ఉన్న వనరులతో ఏది వీలవుద్దో అదే రాయమన్నాడు. ప్రతి లక్ష్యానికీ ఐదూ కుదరవని కూడా ఆయనే ఒప్పుకున్నాడు.

ఆయనకన్నా ముందు 1954లో పీటర్ డ్రక్కర్ లక్ష్యాల ప్రకారం పని నడపాలని పుస్తకం రాశాడు. ఆయన "లక్ష్యాలు" అన్న మాటకి పక్కనే "స్వీయ అదుపు" అన్న మాట పెట్టాడు. కొలత ఫలితం ముందు పని చేసేవాడి చేతికి రావాలి, వాడు తనని తాను దిద్దుకోవాలి, పైవాడు వాణ్ణి వంచటానికి దాన్ని వాడకూడదు. ఇది ఆయన ఉద్దేశం. కంపెనీలు మొదటి మాట తీసుకుని రెండోది వదిలేసినయ్. మావోడి ఎర్ర గడుల లెక్క కూడా వాడికన్నా ఆ యాప్ వాడికే ఎక్కువ పనికొస్తంది. గడులు ఎర్రబడితే ఇంకో క్లాసు అమ్మొచ్చు.

అంకెలతో పోరాటం మనకి కొత్త కాదు

ఈ సంగతి అమెరికా వాళ్ళ కాడే నేర్చుకోవాల్సిన పని లేదు. మన బెజవాడలో, మన చీరాలలో జరిగింది.

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం జరిగింది. ఆ సభ అనగానే మనకి పింగళి వెంకయ్య గారి జెండా గుర్తొస్తది. ఆ సభలోనే మూడు అంకెలు కూడా పెట్టారు. తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు. కాంగ్రెస్‌లో కోటి మంది సభ్యులు. ఇళ్ళల్లో 20 లక్షల రాట్నాలు. గడువు జూన్ 30. అంకె ఉంది, తేదీ ఉంది. ఇప్పటి కోచ్ అడిగే ఫారం అప్పుడే నింపేశారు.

అంతకు ముందు ఏడాదే గాంధీ "ఏడాదిలో స్వరాజ్యం" అన్నారు. అది కూడా లక్ష్యమే, దానికీ తేదీ ఉంది. అది నెరవేరలేదు. ఎందుకంటే స్వరాజ్యం ఇచ్చే తాళం చెవి అప్పటికి తెల్లోడి జేబులో ఉంది. బెజవాడ అంకెలు వేరు. చందా ఇవ్వటం, సభ్యత్వం రాయటం, రాట్నం తిప్పటం మన చేతి పనులు. నిధి కోటి దాటింది. సభ్యత్వం కోటికి చేరలేదు, 50 లక్షల దాకా వచ్చిందంటారు. ఆ రెండో అంకె చూపించి "మీరు సగం మనుషులు" అని ఎవడూ అనలేదు. యాభై లక్షల మంది కొత్తగా ఒక పనిలోకి వచ్చారు. అంతకు ముందు కాంగ్రెస్ అంటే వకీళ్ళ సభ.

అదే నెలలో గాంధీ చీరాల వచ్చారు. అక్కడ తగాదా మున్సిపాలిటీ పన్ను. చీరాల-పేరాల యూనియన్‌గా ఉన్నప్పుడు ఏడాదికి దాదాపు 4,000 రూపాయలున్న పన్ను, మున్సిపాలిటీ చేసేసరికి 40,000 దాకా పోయింది. అక్కడ ఎక్కువ మంది నేతగాళ్ళు, చిన్న రైతులు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారు రామదండు అని వాలంటీర్ల దళం కట్టి నడిపించారు. మున్సిపాలిటీ రద్దు చేసే అధికారం జనం చేతిలో లేదు. హద్దు దాటి బయటికి పోయి బతికే అధికారం ఉంది. అందుకని దాదాపు పదిహేను వేల జనాభాలో ఎక్కువ భాగం ఇళ్ళు వదిలేసి బయట పాకలేసుకున్నారు. ఆ చోటుకి రామనగర్ అని పేరు పెట్టుకున్నారు. పదకొండు నెలలు అక్కడే ఉన్నారు. గోపాలకృష్ణయ్య గారిని జైలుకి పంపారు, డబ్బులు అయిపోయినయ్, జనం మళ్ళీ ఇళ్ళకి వచ్చారు.

మావోడి యాప్ అయితే ఆ ఉద్యమానికి ఎర్ర గడి వేసుద్ది. పన్ను రద్దవలేదు కదా. కానీ వందేళ్ళు దాటినా చీరాల పేరు చెప్పగానే మన గుండె ఉప్పొంగేది దేనికి? పాకలో గడిచిన ఆ పదకొండు నెలలకి. ఒక్కో కుటుంబం తన చేతిలో ఉన్న పని తాను చేసి చూపించింది. మన ఊళ్ళ నడుమ జరిగిన సంగతి ఇది. పిల్లలకి లక్ష్యాల గురించి చెప్పాల్సొస్తే నేను ఇక్కణ్ణుంచే మొదలుపెడతా.

లెక్క పైవాడి చేతికి పోతే

కొలత మన చేతిలోంచి జారి పైవాడి చేతికి పోతే ఏమవుద్దో కూడా ఈ దేశం చూసింది.

ఎమర్జెన్సీలో కుటుంబ నియంత్రణకి టార్గెట్లు పెట్టారు. జీతం రావాలంటే ఇన్ని ఆపరేషన్లు చేయించాలని ఉద్యోగుల మెడ మీద పెట్టారు. 1976-77 ఒక్క ఏడాదిలో 80 లక్షలకు పైగా ఆపరేషన్లు అయినయ్. కాగితం మీద గొప్ప ఘనకార్యం. ఊళ్ళల్లో మనుషులు పొలాల్లోకి పారిపోయి దాక్కున్నారు. కోటాలు పెట్టే పద్ధతి అంతటితో పోలేదు. 1996 ఏప్రిల్‌లో గానీ కేంద్రం దేశమంతా ఆ టార్గెట్లు ఎత్తెయ్యలేదు.

2010 సంగతి మీలో కొందరికి చిన్నతనం గుర్తుండొచ్చు. సూక్ష్మ రుణాల కంపెనీలు. ఏజెంటుకి వారం వారం ఇంత అప్పు ఇవ్వాలి, ఇంత వసూలు చెయ్యాలని టార్గెట్టు. ఆ టార్గెట్టు వాడి మీద, వాడు మన ఆడోళ్ళ మీద. ఇంటి ముందు గుంపుగా కూసోపెట్టి పరువు తీశారు. ఆత్మహత్యల వార్తలు వరసపెట్టి వచ్చినాక ఆ అక్టోబరులో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. ఆ ఏజెంటు కూడా మన ఊరి కుర్రాడే, డిగ్రీ చదివినోడే. వాడి పనితనం కొలిచిన అంకెలో అవతలి మనిషి ఏడుపుకి గడి లేదు.

ఉపాధి పనికి పోయిన వాళ్ళకి ఇది ఇంకా బాగా తెలుసు. మెత్త నేలలో తవ్విన గుంట, రాతి నేలలో తవ్విన గుంట టేపుకి ఒకటే కనిపిస్తే కూలి ఎవరికి తగ్గుద్ది? అందుకే కొలతల పుస్తకంలో ఏం రాశారో గ్రామసభలో చదివి వినిపించాలని సామాజిక తనిఖీ కోసం కొట్లాడాం. టేపు పట్టుకున్నోడు ఎవడో తెలవకుండా "నీ పని ఇంత" అన్న మాట ఒప్పుకోవద్దని కూలి జనం ఎప్పుడో నేర్చుకున్నారు. చదువుకున్న పిల్లలు మాత్రం యాప్ చెప్పిన శాతం తలొంచి ఒప్పేసుకుంటన్నారు.

తప్పు నీలో ఎంత, క్యాలెండర్‌లో ఎంత

ఇప్పుడు మావోడి గ్రూప్-2 సంగతికి వద్దాం. నోటిఫికేషన్ 2023 డిసెంబరులో వచ్చింది. ప్రిలిమ్స్ 2024 ఫిబ్రవరి 25న. మెయిన్స్ 2025 ఫిబ్రవరి 23న. రెండు పరీక్షల మధ్య ఏడాదికి రెండు రోజులే తక్కువ. పోస్టులు 905. దరఖాస్తులు నాలుగు లక్షల ఎనభై వేల పైన. అంటే ఒక కుర్చీకి ఐదు వందల మందికి పైగా. ఆ ఏడాది రూము అద్దె, మెస్సు బిల్లు, టెస్టు సిరీస్ ఫీజు మన ఇళ్ళే కట్టినయ్.

డీఎస్సీ చూడండి. 2018 తర్వాత మళ్ళీ పూర్తిగా జరిగింది 2025లో. పోస్టులు 16,347, రాసినోళ్ళు మూడు లక్షల పైన. ఇరవై మందికి ఒకటి. మా వీధిలో ఒక చెల్లెలు 2019లో బీఈడీ అయిపోయి ఆరేళ్ళు ఎదురుచూసింది. మధ్యలో పెళ్ళి, ఒక బిడ్డ, జీడిపప్పు బట్టీలో పని. ఆ ఆరేళ్ళు ఆమె ఏ లక్ష్యం రాసుకుని ఉండాలి? ఆమెకి ఎర్ర గడి వేసే కోచ్ ముందు ఆ క్యాలెండర్ ఖాళీకి ఎవరు జవాబుదారో చెప్పాలి.

ఈ కోచ్‌ల మాటల్లో నాకు బాగా నొప్పి పుట్టించేది ఇదే. పోస్టులు లేకపోవటం, పరీక్ష జరక్కపోవటం, ధర రాకపోవటం, అన్నీ తెచ్చి నీ క్రమశిక్షణ లోపం కింద రాస్తారు. సర్కారు మీద రావాల్సిన కోపం అద్దంలో మొహం మీదకి తిరుగుద్ది. మావోడు అన్నం మానేసింది అందుకే.

ప్రభుత్వం కూడా ఇప్పుడు అంకెల భాషే మాట్లాడతంది. 2024 డిసెంబరు 13న స్వర్ణాంధ్ర 2047 పత్రం విడుదల చేశారు. 2047 నాటికి తలసరి ఆదాయం 42,000 డాలర్లు అన్నారు. మరుసటేడు ఉగాదికి పీ-4 మొదలెట్టి పేద కుటుంబాలకి మార్గదర్శులు అన్నారు. అంకె పెట్టటం మంచిదే, పెట్టారు కాబట్టే మనం అడగ్గలం. కానీ 2047కి ఇప్పుడు ఇరవై ఏళ్ళున్న పిల్లోడు నలభై దాటి ఉంటాడు. అంత దూరం లక్ష్యాన్ని ఎవడు పట్టుకుని అడుగుతాడు? దగ్గర తేదీలు అడగాలి. ఏ శాఖలో ఎన్ని ఖాళీలు, నోటిఫికేషన్ ఏ నెల, పరీక్షకీ నియామకానికీ మధ్య ఎన్ని రోజులు. కొలవగలిగే లక్ష్యం రాయమని మనకి చెప్పే సర్కారు, ముందు తన ఫారం తాను నింపాలి.

బాపట్ల బియ్యం చెప్పే పాఠం

సరే, సర్కారుని అడుగుదాం. మరి రేపు పొద్దున మావోడు ఏం చెయ్యాలి? ఇక్కడ నాకు బాపట్ల వరి గుర్తొచ్చింది.

మనం తినే సాంబ మసూరికి కాగితం మీద పేరు బీపీటీ 5204. బీపీటీ అంటే బాపట్లే. బాపట్ల పరిశోధన కేంద్రం నుంచి 1986లో వచ్చింది. సన్న గింజ, మంచి రుచి, దేశమంతా పాకింది. దానికి ఒక పెద్ద జబ్బు, బ్యాక్టీరియా ఎండాకు తెగులు. ఆ తెగులు పట్టిందని శాస్త్రవేత్తలు వంగడాన్ని పారెయ్యలేదు. "ఇంకా బాగా పండాలి" అని గాల్లో లక్ష్యం పెట్టుకోనూ లేదు. గింజ మారకూడదు, రుచి మారకూడదు, ఆ ఒక్క తెగులుని తట్టుకోవాలి. హైదరాబాదులోని సీసీఎంబీ, వరి పరిశోధన సంచాలనాలయం కలిసి తెగులుని తట్టుకునే మూడు జన్యువులు అందులోకి తెచ్చి, 2008లో మెరుగైన సాంబ మసూరి ఇచ్చారు.

చదువుకునే పిల్లోడికీ అదే పద్ధతి. "ఉద్యోగం కొట్టాలి" కాదు. నీ ఎండాకు తెగులు ఏది? మావోణ్ణి కూసోపెట్టి పాత ప్రశ్న పత్రాలు నాలుగు రాయించా. మార్కులు అడగలేదు. తప్పు పోయిన ప్రశ్నలు మాత్రం విడిగా ఒక నోటుబుక్కులో రాయమన్నా. తేలిందేందంటే, చరిత్రలో వాడికి లోటు లేదు. పాలిటీ బాగానే ఉంది. మెంటల్ ఎబిలిటీలో శాతాలు, నిష్పత్తుల కాడ మట్టం అయిపోతన్నాడు. మూడు నెలల నుంచి రోజుకి పది గంటలు "చదివింది" వచ్చిన సబ్జెక్టే. రాని దాని జోలికి పోలేదు. పచ్చ గడి పడాలంటే వచ్చిందే చదవాలి మరి.

నోటుబుక్కులో రెండు పేజీలు

ఇప్పుడు మా అరుగు మీద పిల్లలందరి చేతా ఒకే పద్ధతిలో రాయిస్తన్నా. ఇరవై రూపాయల నోటుబుక్కు చాలు, యాప్ అక్కర్లేదు.

ఎడమ పేజీలో నా చేతి పని మాత్రమే రాయాలి. ఇవాళ నిష్పత్తుల లెక్కలు పదిహేను చేశా, ఆరు తప్పు పోయినయ్, ఎందుకు పోయినయ్. ఇంతే. "ఎన్ని గంటలు" అని రాయకూడదు, "ఎన్ని పేజీలు" అని అసలే రాయకూడదు, ఆ దెబ్బ నేను తిన్నా. తప్పులు పదిహేనులో ఆరు నుంచి రెండుకి వస్తే అదే ముందుకు జరగటం. చెయ్యలేకపోయిన రోజు ఎర్ర గుర్తు పెట్టకుండా కారణం రాయాలి. "అమ్మకి జ్వరం, ఆసుపత్రికి పోయాం." ఇది బద్ధకం కాదు, బతుకు. ఆడపిల్లలకి నేను మరీ మరీ చెప్తా, ఇంటి పని గంటలు కూడా రాయండమ్మా అని. ఒకమ్మాయి నెల లెక్క తీసి వాళ్ళ నాన్నకి చూపించింది. ఆయన మాట్లాడలేదు గానీ నీళ్ళు మోసే పని తమ్ముడికి పోయింది.

కుడి పేజీలో ఇతరుల చేతిలో ఉన్నది రాయాలి. ఎవరి చేతిలో ఉంది, వాళ్ళకి తేదీ ఏది. స్కాలర్‌షిప్ ఎన్నాళ్ళుగా రాలేదు, నోటిఫికేషన్ ఏ నెల అన్నారు, ఏ నెల అయింది. సమాచార హక్కు చట్టం కింద అడిగితే 30 రోజుల్లో జవాబు చెప్పాలి. అధికారికి చట్టం పెట్టిన కొలిచే లక్ష్యం అది. 2005 నాటి ఉపాధి హామీ చట్టం, పని అడిగిన 15 రోజుల్లో పని చూపించకపోతే భృతి ఇవ్వాలని రాసింది. ఇట్టాంటి అంకెలు మన పెద్దోళ్ళు కొట్లాడి చట్టంలోకి ఎక్కించారు. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇచ్చినా రసీదు నంబరు, తేదీ కుడి పేజీలో పడాలి.

ఎడమ పేజీ ఒక్కడే దిద్దుకోవచ్చు. కుడి పేజీ ఒక్కడి వల్ల కాదు. పది మంది కుడి పేజీలు పక్కపక్కన పెడితే అందరికీ ఒకటే బాకీ కనిపిస్తది. అప్పుడు అది ఒకడి ఫెయిల్యూర్ కాదు, ఊరి డిమాండ్. సంఘం అక్కణ్ణుంచే పుట్టుద్ది. ఫోను కోచ్ ఈ రెండో పేజీ ఎప్పుడూ రాయించడు. ఒక్కొక్కణ్ణి ఒక్కో గదిలో కూసోపెట్టి అద్దం చూపిస్తాడు.

మా బావ కాడ నేర్చుకున్నది

ఇదంతా మావోడికి చెప్తా ఉంటే, వల కుట్టుకుంటా వింటన్న మా బావ మధ్యలో కలగజేసుకున్నాడు. ఆయన సంతకం తప్ప రాయడు.

"చేపలెన్ని పడాలో అనుకుని సముద్రం మీదకి పోయేవాడు ఉంటాడంట్రా? వల్లో ఎన్ని చిరుగులున్నయ్యో అది నాకు తెలుసు. జూన్ 14 లోపు కుట్టుకోవాలి. ఇంజను చూపించుకోవాలి. తెల్లారగట్ల లేవాలి. అంతవరకు నాది. ఆ పైన గాలి, నీరు."

కాసేపాగి ఇంకో మాటన్నాడు. "గాలి లేక చేపలు పడకపోతే ఇంటికొచ్చి అన్నం తింటాం. తినకపోతే మర్నాడు పోలేం."

ఆ మాట కొడుక్కి చెప్పాడో, నాకు చెప్పాడో తెలవదు. ఆ రాత్రి మావోడు తండ్రి పక్కన కూసోని తిన్నాడని అక్క ఫోన్ చేసి చెప్పింది.

ఫీజు 4,999 వెనక్కి రాలేదు. అడిగితే "మీరు లక్ష్యం పూర్తి చెయ్యలేదు" అని జవాబు పంపారు. ఆ బాకీ అక్క ఇంకా కడతానే ఉంది. మావోడు యాప్ తీసేశాడు. సీజన్‌లో వారానికి మూడు రోజులు నాన్నతో వేటకి పోతన్నాడు, మిగతా రోజులు చదువుతన్నాడు. నిష్పత్తుల్లో తప్పులు తగ్గినయ్. ఉద్యోగం వస్తదని నేను మాటివ్వను. కుర్చీలు ఎన్ని వేస్తారో నా చేతిలో లేదు, వాడి చేతిలో లేదు. అది వాడి కుడి పేజీలో రాసి ఉంది. పక్కన తేదీ గడి ఇంకా ఖాళీగా ఉంది. ఆ గడి నింపించటానికి మా అరుగు మీద పిల్లలంతా కలిసి అర్జీ రాస్తన్నారు. మీ ఊళ్ళో కూడా రాయండి.